వైద్యుని గోడు

మా యొద్ద చదువుకొని, ఇప్పుడొక ప్రభుత్వాసుపత్రిలో హౌస్ సర్జనుగా నున్న పిల్లవాడొకడు పోయిన సంక్రాంతికి మా యింటికి వచ్చెను. వరుసగా రెండు రాత్రులు నిద్రలేక పనిచేసిన పిమ్మట తానొక రోగికి మందు పదిరెట్లు హెచ్చుగా వ్రాసితిననియు, నర్సమ్మ కనిపెట్టి యాపినదనియు చెప్పి తల వంచుకొనెను. "పెద్దలతో చెప్పితివా?" అని యడిగితిమి. "చెప్పినచో చేతకానివాడందురు, మాస్టారూ" అనెను. మేము వానికి ఓర్పును గూర్చి నాలుగు మాటలు చెప్పి పంపితిమి. ఆ మాటలు నాటినుండి మమ్ము బాధించుచున్నవి.

వైద్యుని నారాయణునితో పోల్చుట మనకు వాడుక. ఈ గౌరవములో నొక చిక్కు గలదు. నారాయణునికి అలసట లేదు. భక్తులయెదుట తన గోడు చెప్పుకొను అవసరము లేదు. కావుననే వైద్యుడు తన కష్టమును గూర్చి నోరు విప్పినంతనే మన కన్నులకు దేవుడు పోయి జీతగాడు కనబడును. చరకుడిట్లు తలపలేదు. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి యని చికిత్సకు నాలుగు పాదములు చెప్పి, ఒక్కొక్కదానికి నాలుగేసి గుణములు విధించెను. వైద్యుని ప్రధానునిగా నెంచియు నాలుగింటిలో నొకనిగానే లెక్కించెను. ఆ పాదము విరిగినప్పుడు క్రిందపడువాడు రోగియే గదా!

రోగి పక్షమున మాటాడిన వైద్యుని లోకము మెచ్చుకొనును, కాని వెంటనే కాదు. 1848లో ఎగువ సైలీషియాలో టైఫస్ జ్వరము ప్రబలగా, ప్రష్యా ప్రభుత్వము బెర్లినునుండి రుడాల్ఫ్ విర్కో యను 26 ఏండ్ల వైద్యుని విచారణకు పంపెను. అతడు గుడిసెలు తిరిగి చూచి, ఈ జ్వరమునకు మూలము ఆకలియు, అవిద్యయు, పాలకుల యుపేక్షయు నని నివేదించెను. ప్రజలకు స్వపరిపాలనము, చదువు, బాటలు, వారి పోలిష్ భాషకు గౌరవము కావలెననెను. ఏలినవారడిగినది జ్వరమునకు మందు. అతడిచ్చినది వారికే మందు. ఆ యేడే యొక వారపత్రిక స్థాపించి, పేదల యారోగ్యమును, వైద్యవృత్తి సంస్కరణమును కలిపి చర్చించెను. ఈ రెండును వేర్వేరు వ్యాజ్యములని అతడు తలపలేదు. ఫలముగా 1849లో బెర్లిను విడిచి వుర్ట్స్‌బుర్గునకు పోవలసివచ్చెను. 1856లో గాని తిరిగి రాలేదు.

తన పక్షమున మాటాడుట యింకను కష్టము. 2020 ఏప్రిలులో న్యూయార్కున కోవిడ్ రోగులకు సేవచేసి, తానును జబ్బుపడి లేచిన లోర్నా బ్రీన్ యను వైద్యురాలు ఆత్మహత్య చేసికొనెను. మనోవ్యాధికి చికిత్స పొందినచో వృత్తికే ముప్పు వచ్చునను భయము ఆమెను వెన్నాడెనని బంధువులు చెప్పిరి. వారి కృషివలన 2022 మార్చిలో వైద్యసేవకుల మనస్స్వాస్థ్యమునకై ఆమె పేర అమెరికాలో శాసనము వచ్చెను. మా శిష్యుని భయమునకును ఆమె భయమునకును దూరమెంత?

మన దేశమున 2024 ఆగస్టులో కలకత్తాలో నొక శిక్షణ వైద్యురాలు ఆసుపత్రిలోనే అత్యాచారమునకు, హత్యకు గురియయ్యెను. రాత్రి పనినడుమ ఒకింత విశ్రమించుటకు ఆమెకు దొరికినది సెమినారు గది! దేశమంతట వైద్యులు పని మానిన తరువాతనే సుప్రీంకోర్టు వైద్యుల రక్షణకై జాతీయ కార్యదళమును నియమించెను. ఆంధ్రప్రదేశమున వైద్యులపై దౌర్జన్యమును శిక్షించు చట్టము 2008లోనే పుట్టినది. చట్టముండుట వేరు, రాత్రివేళ గదికి గడియ యుండుట వేరు.

అయితే బస్సెక్కి ముప్పది మైళ్లు వచ్చి, ఓ.పీ. మూసియుండుట చూచి తిరిగిపోయిన ముసలమ్మకు ఏమి చెప్పుదుము? సమ్మెలో అత్యవసర విభాగమును తెరచియుంచుట ధర్మమే, కాని ఆమెకు అది చాలిన సమాధానము కాదు. సమ్మెదాక రానిచ్చిన మనకు మాత్రము ఆమె పేరు చెప్పి వైద్యుని నిందించు నధికారము లేదు. అతడు తొలుత మెల్లగా చెప్పినప్పుడు ఓర్పు నేర్పినవారము మనమే.

మొన్న ఆ పిల్లవానికి ఉత్తరము వ్రాసితిమి. జరిగిన పొరపాటును, దానికి ముందు ఎన్ని గంటలు మేలుకొనియుండెనో ఆ లెక్కను, రెంటిని కాగితముమీద పెట్టి పెద్దలకిమ్మనియు, తోడివారిచేతను సంతకములు చేయింపుమనియు చెప్పితిమి. ఆ నర్సమ్మను మొదటి సాక్షిగా నడుగుమంటిమి. ప్రత్యుత్తర మింకను రాలేదు.