టెలివిజను పొదుపు – గృహస్థ ధర్మము

పొదుపు సుగుణమని వర్తకుల ఇండ్లలో పిల్లలకు వేరుగా నేర్పనక్కరలేదు. దుకాణములో తండ్రి దారపు ముక్కను గూడ పారవేయక చుట్టి దాచుట చూచుచు వారు పెరుగుదురు. కాని ప్రతి పొదుపును ధర్మమే యగునా? ఖర్చు తగ్గినచోట నెల్ల కోరికయు తగ్గినట్లేనా? ఈ ప్రశ్నకు సమాధానము పెద్ద వ్యవహారములలో కంటె చిన్న వ్యవహారములలోనే తేటగా కనబడును. అట్టి చిన్న వ్యవహారములలో ఒకటి, ఇంటిలోని టెలివిజనుకు నెలనెల చెల్లించు కేబుల్ రుసుము.

తమిళనాడు విరుదునగర్ జిల్లాలో, రాజపాళయమునకు చేరువనున్న సత్రపట్టి, ఆసుపత్రులలో గాయములకు కట్టు గుడ్డ నేయుటలో పేరుపడిన ఊరు. ఆ గుడ్డను కొనువాడు మీటరు ధర ఒక్కటే అడుగడు. అంగుళమునకు ఎన్ని పోగులున్నవో గూడ లెక్కించును. పోగులు తగ్గించి ధర తగ్గించినది చవక గుడ్డ కాదు, పలుచని గుడ్డ. ధరతోపాటు సరుకును గూడ కొలుచు ఈ తెలివి అంగడిలో అందరికి నున్నది. కేబుల్ రుసుము తగ్గింపదలచి ఇంటిలో కూర్చున్నపుడు అదే తెలివి పనికి వచ్చుచున్నదా యనునదే ఇచ్చట విచారింపదగిన విషయము.

టెలివిజను మొదట ఇంటిలోనికి నెలసరి రుసుముతో రాలేదు. మద్రాసులో 1975లో ప్రసారములు మొదలైనవి. తరువాత దక్షిణ జిల్లాలకు కొడైకెనాలు కొండమీది కేంద్రమునుండి దూరదర్శన్ అందెను. మేడమీద ఎత్తైన యాంటెన్నా ఒకమారు నిలిపినచో, అటుపై నెలనెల ఎవరికిని చెల్లింపవలసినది లేదు. 1993లో సన్ టీవీయు, 1995లో ఈటీవీయు వచ్చిన పిమ్మట కేబుల్ తీగ వీధివీధికి వ్యాపించెను. 2006 తరువాత తమిళనాడు ప్రభుత్వము రంగుల టెలివిజను పెట్టెలను ఉచితముగా పంచినది. పెట్టె ఉచితమే గాని, దానిలో చూచునది ఉచితము కాలేదు. 2011 సెప్టెంబరులో ప్రభుత్వ సంస్థయైన అరసు కేబుల్ నెలకు 70 రూపాయలకు సుమారు 90 ఛానెళ్లు ఇచ్చుట ప్రారంభించినది. 2017లో దానికి డిజిటల్ అనుమతి లభించి, ఇంటింటికి సెట్ టాప్ బాక్సులు వచ్చినవి.

2019 ఫిబ్రవరి 1వ తేదీనుండి ట్రాయ్ సంస్థ క్రొత్త పద్ధతి నమలులోనికి తెచ్చెను. దాని ప్రకారము 100 ఛానెళ్లవరకు గరిష్ఠముగా 130 రూపాయలు. 18 శాతము పన్నుతో 153 రూపాయల 40 పైసలు. ఆపైన రుసుముగల ఛానెళ్లలో దేనికి దానికి వేరు వేరు ధర. 2024లో ఆ 130 రూపాయల గరిష్ఠ పరిమితియు తొలగింపబడినది. అంతకుముందు మూట కట్టి యిచ్చినదానిని మూటగానే కొనవలసి యుండెడిది. ఇప్పుడు ప్రతి సరుకు మీద ధర వ్రాసి యున్నది. ఏది కావలెనో, ఏది అక్కరలేదో చెప్పు భారము కొనువానిమీద పడినది. ఇది వర్తకునికి సంతోషింపదగిన మార్పే. కాని ఎన్నుకొను అధికారము గల చోటనే తప్పొప్పుల ప్రశ్నయు పుట్టును.

ఒక గృహస్థుడు 2019 నాటి లెక్కనే తీసికొన్నాడనుకొందురు గాక. మూలరుసుము 130, రుసుముగల ఛానెళ్లకు 100, పన్ను 41 రూపాయల 40 పైసలు, నెలకు మొత్తము 271 రూపాయల 40 పైసలు. ఆ 100ని 40కి తగ్గించినచో నెలసరి మొత్తము 200 రూపాయల 60 పైసలకు దిగును. ఏడాదికి మిగులునది 849 రూపాయల 60 పైసలు. దీనికి చేయవలసిన దల్లా, ఒక సాయంకాలము ఇంటిల్లిపాదిని కూర్చుండబెట్టి, గత నెలలో ఎవరును చూడని ఛానెళ్లను పట్టికనుండి కొట్టివేయుట. కట్టలుగా కొన్నవానిలో ఒకటి రెండే చూచుచున్నచో వానిని విడిగా కొనుట మేలు. ఇంటిలో రెండవ పెట్టెకు చెల్లించు రుసుము నిజముగా అవసరమా యని గూడ అడుగవలెను.

ఇంకను చవక మార్గములున్నవి. 2004 డిసెంబరులో డిడి డైరెక్ట్ ప్లస్ పేరుతో ఆరంభమై, తరువాత డిడి ఫ్రీ డిష్ అను పేరు పొందిన ప్రభుత్వ ప్రసారమునకు నెలసరి రుసుము లేదు. డిష్షుకు, పెట్టెకు ఒకమారు వెచ్చించిన చాలును. అయితే దానిలో హిందీ ఛానెళ్లదే పైచేయి. ఇంటివారికి కావలసిన తమిళ, తెలుగు ఛానెళ్లు ఉన్నవో లేవో కొనకముందే విచారించుకొనవలెను. ఆంధ్రదేశములో 2017 డిసెంబరున ఆరంభమైన ఫైబర్ నెట్ పథకము ఇంటర్నెట్టు, టెలివిజను, టెలిఫోను మూడింటిని కలిపి నెలకు 149 రూపాయల కియ్యబూనెను. ఇంటికి ఇంటర్నెట్టు ఎట్లును కొనువారు దానిమీదనే వార్తలు, ప్రవచనములు చూచి కేబులును మానుకొనుటయు కలదు. ఇవన్నియు న్యాయమైన మార్గములే.

కాని పట్టికలో గీత పెట్టునపుడు మొదటి ధర్మప్రశ్న ఎదురగును. ఎవరి ఛానెలు మీద ఆ గీత పడుచున్నది? రాజపాళయము ప్రాంతమున తెలుగు మాటాడు కుటుంబములు తరతరములుగా నున్నవి. పిల్లలు బడిలో తమిళము, ఇంగ్లీషు చదువుదురు. బజారులో వ్యవహారము తమిళముననే సాగును. తెలుగు వంటయింటిలోను, ముసలివారి నోటను మిగిలియున్నది. ఇట్టి ఇంటిలో ఖర్చు తగ్గింపవలె ననగానే కుర్రవాని క్రికెట్టు నిలిచియుండును. యజమాని వ్యాపార వార్తలు నిలిచియుండును. నాయనమ్మ చూచు తెలుగు ఛానెలు పోవును. ఏలయన ఆమె అడుగదు. అడుగని దానిని అక్కరలేనిదిగా లెక్కించుట ఇంటి లెక్కలలో తరచు జరుగు పొరపాటు. తగ్గింపు నిజముగా త్యాగమైనచో అది త్యాగము చేయువాని భాగమునుండి మొదలు కావలెను. బలహీనుని పాలు కోసి చేసిన పొదుపునకు పొదుపు అను పేరున్నను, అది లోపల హింసయే. విడిగా కొనినచో ఒక తెలుగు ఛానెలు వెల 2019 నాటి లెక్కలో ఇరువది రూపాయల లోపే. ఆ వెలకు ఇంటిలో ఒక భాష వినబడుచుండును.

రెండవ ప్రశ్న, తగ్గినది ధరయా, చూపా యనునది. 2016 తరువాత సెల్ ఫోనులో ఇంటర్నెట్టు మిక్కిలి చవక యయ్యెను. కేబుల్ తీసివేసిన ఇంటిలో హాలులోని ఒక తెర ఆరిపోవును. కాని నాలుగు చేతులలో నాలుగు తెరలు వెలుగును. మునుపు పదిమంది కలిసి చూచినదానిని నలుగురు నాలుగు మూలల చూతురు. ఒక ఓటీటీ కొందురు, దానిలో లేని సినిమాకై మరియొకటి, ఆటలకై మూడవది. నెలనెల తమంతట తామే ఖాతానుండి పోవు మొత్తములు కనబడవు గనుక బాధింపవు. ఏడాది చివర కూడి చూచినచో, పోయిన కేబుల్ రుసుముకంటె వచ్చిన రుసుము పెద్దదై యుండవచ్చును. ధనము ఒకవేళ మిగిలినను కాలము మిగులదు. పోగులు లెక్కింపక గుడ్డ కొన్నవాని నష్టమే ఇది.

జైన గృహస్థునికి ఈ విషయమున ఒక ప్రత్యేకత గలదు. సూర్యాస్తమయమునకు ముందే భోజనము ముగించు ఇంటిలో సాయంకాలము మిక్కిలి దీర్ఘమైనది. ఆ దీర్ఘ సమయము స్వాధ్యాయమునకు, సామాయికమునకు, పిల్లలతో మాటలకు పెద్దలు కూర్చిపెట్టిన ఆస్తి. టెలివిజను ఏ సద్దును చేయక ఆక్రమించినది ఆ ఆస్తినే. నాలుక రాత్రివేళ నియమములో నుండగా కన్ను మాత్రము అర్ధరాత్రివరకు భుజించుచున్నచో, ఆ నియమము సగమే నిలిచినట్లు.

మూడవ ప్రశ్న అన్నిటికంటె సూక్ష్మమైనది. చవకలో చవక మార్గములు కొన్ని న్యాయము కానివి. ప్రక్కయింటి తీగనుండి తమ యింటికి తీగ లాగుకొనుట. అనుమతిలేని యాప్‌లతో రుసుముగల ఛానెళ్లన్నిటిని ఇచ్చెడు పెట్టెలను కొనుట. విడుదలైన సినిమాను దొంగ ప్రతిలో చూచుట. ఒక ఇంటివారికే ఇచ్చిన ఓటీటీ రహస్యపదమును బంధువర్గమంతట పంచుట. వీనిని చేయువారు దుకాణములో ఒక పైస తప్పు లెక్క వ్రాయనివారే. ఇంటిలో మాత్రము, పెద్ద కంపెనీకి పోయిన దేమున్నది, అందరును చేయుచున్నారు కదా యందురు. అచౌర్యవ్రతమునకు పూర్వులు చెప్పిన అతిచారములలో దొంగిలించుట కొరులను పురికొల్పుట, దొంగ సొత్తును గ్రహించుట, రాజ్యశాసనమును అతిక్రమించుట, తప్పు తూనికలు వాడుట, నకిలీ సరుకు అమ్ముట చేరియున్నవి. వర్తకుల కొరకే వ్రాసినట్లున్న ఈ ఐదింటిలో రెండవది, మూడవది పై మార్గములకు అక్షరాల వర్తించును. తన దుకాణములో కట్టు గుడ్డ చుట్ట ఒకటి తీసికొనిపోయినవాడు ‘నీకు వేయి చుట్టలున్నవి గదా’ అన్నచో ఏ వర్తకుడును ఒప్పుకొనడు. తన సొత్తు విషయమున ఒప్పుకొననిది ఒరుల సొత్తు విషయమున ఒప్పుకొనరాదు.

ఇక్కడనే కేబుల్ వానిని గూడ తలంపవలెను. వీధిలో తీగ లాగి, వానకు తెగినపుడు స్తంభ మెక్కి కట్టు మనిషి పెద్ద కంపెనీ కాదు. అతడును చిన్న వర్తకుడే. ఖర్చు తగ్గించుకొను హక్కు కొనువానికి గలదు. మానుకొను హక్కును గలదు. కాని నెల గడిచిన పిమ్మట, ‘మేము చూడనే లేదు’ అని రుసుము ఎగవేయుట హక్కు కాదు. ముందుగా చెప్పి, బాకీ తీర్చి, పెట్టె సంస్థదైనచో తిరిగి ఇచ్చి మానుకొనుట వర్తక మర్యాద.

అట్లయిన గృహస్థుడు చేయవలసిన దేమి? టెలివిజనును పగులగొట్టుట కాదు. సమంతభద్రాచార్యులు రత్నకరండ శ్రావకాచారములో భోగోపభోగముల మితిని యమమని, నియమమని రెండు విధములుగా చెప్పిరి. యావజ్జీవము చేయునది యమము. ఇంత కాలమని హద్దు పెట్టుకొని చేయునది నియమము. ఒక పగలు, ఒక రాత్రి, ఒక పక్షము, ఒక మాసము, ఒక ఋతువు ఇట్లు కాలమును కొలిచి మానుకొనవచ్చును. అట్లు మితము చేసికొనదగిన వానిలో ఆహారము, వాహనము, వస్త్రము వంటి వానితోపాటు సంగీతమును, పాటయు గూడ చేరియున్నవి. వినోదమునకు హద్దు అవసరమని ఆనాడే గుర్తించిరన్నమాట. నెలనెల రుసుము చెల్లించు వస్తువునకు మాసనియమము కంటె తగినది మరి లేదు. చాతుర్మాస్యమున ఆకుకూరలు, ఇతర భోగములు మానుకొను ఇండ్లు ఎన్నో గలవు. ఆ నాలుగు మాసములు రాత్రి వేళ తెరను గూడ మూయుదుమని ఇంటిలోని పెద్ద మొదట తనకు తాను చెప్పుకొన్నచో, పిల్లలకు వేరుగా చెప్పవలసిన పని తగ్గును. తండ్రి చేతిలో ఫోను వెలుగుచుండగా కుమారునికి చేసిన బోధ గోడకు చేసిన బోధ.

చివరకు మిగిలిన సొమ్ము ఏమగును? కేబుల్ తగ్గించి మిగిల్చినదానితో వచ్చే ఏడాది మరింత పెద్ద తెర కొన్నచో, అది పొదుపు కాదు. కోరిక వాయిదా వేయుట మాత్రమే. ఆ 849 రూపాయలను ఖాతాలో వేరుగా వ్రాసి, ఔషధదానమునకో శాస్త్రదానమునకో ఇచ్చినపుడు లెక్క పూర్తియగును. లేదా ఒక సెలవునాడు ఇంటివారందరు కలిసి కళుగుమలైకి పోవచ్చును. రాజపాళయము ప్రాంతమునుండి అది ఒక పూట ప్రయాణము. సుమారు 8, 9 శతాబ్దములనాటి తీర్థంకర ప్రతిమలు అచ్చటి కొండరాతిమీద వరుసగా నున్నవి. వాని క్రింద వట్టెళుత్తు లిపిలో చెక్కించిన దాతల పేర్లలో రాజులు, శ్రీమంతులే కాదు. కుమ్మరులు, వడ్రంగులు వంటి కష్టజీవులును గలరు. వారు తమ కొద్దిపాటి మిగులును అక్కడ పెట్టిపోయిరి. వేయి సంవత్సరములు దాటినను ఆ ప్రతిమలను చూచుటకు నెలసరి రుసుము లేదు.

పొదుపునకు మూడు గడులు గల చిట్టా అవసరము. మొదటి గడిలో ధనము, రెండవ గడిలో కాలము, మూడవ గడిలో ఒరుల పాలు. మొదటి గడిలో మిగిలి, తక్కిన రెండింటిలో అప్పుపడిన లెక్కను ఏ గుమాస్తాయు లాభమని వ్రాయడు. మూడింటను సరిపోయినపుడే ఆ ఇంటిలో తగ్గినది ఖర్చు మాత్రమే కాదు, కోరికయు తగ్గినదని చెప్పవచ్చును.