పసివాడి అల్లరి – పెద్దల మీద బాకీ

రెండేళ్ళు నిండిన పిల్లవాడు ఇంట్లో ఒకచోట నిలవడు. వంటగదిలో గిన్నెలు లాగి పడేస్తాడు. అమ్మీ సజ్దాలో ఉంటే వీపు మీదికి ఎక్కుతాడు. బయటి తలుపు గొళ్ళెం అందకపోతే తలుపుకు అతుక్కుని ఏడుస్తాడు. సాయంత్రమయ్యే సరికి ఇంట్లో పెద్దలందరి నోటా ఒకటే మాట వినిపిస్తుంది: ‘వీడు పిల్లవాడు కాదు, శైతాన్!’ మన ఇళ్ళలో ఈ మాట ఎంత మామూలైపోయిందంటే, అనేవారికి అది తిట్టని కూడా తోచదు. కొందరు ముద్దుగానే అంటారు. అయినా కాస్త ఆగి ఆలోచించాలి. పసివాడిలోని ఈ హుషారు నిజంగా దోషమేనా? దోషమైతే అది ఎవరిది?

తప్పు అనడానికి ఏం కావాలి?

ఒక పనిని తప్పు అనాలంటే చేసినవాడిలో రెండు విషయాలు ఉండాలి. అది తప్పని అతనికి తెలియాలి. తెలిసి కూడా చేయాలన్న సంకల్పం ఉండాలి. మంచిచెడుల తేడాను గుర్తించే ఈ శక్తిని మన ధర్మవేత్తలు ‘తమీజ్’ అన్నారు. సాధారణంగా ఏడేళ్ళ ప్రాయంలో అది వస్తుందని చెప్పారు. పిల్లలను నమాజుకు ఆదేశించడం ఏడేళ్ళకు మొదలుపెట్టమని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. యుక్తవయసు వచ్చే వరకు బిడ్డ మీద కలం ఎత్తివేయబడిందని, అంటే అతని పేరున పాపం రాయబడదని కూడా ఆయన తెలియజేశారు. రెండేళ్ళవాడి మీద సృష్టికర్తే ఏ విధినీ మోపలేదు. ఆయన మోపని నేరాన్ని మోపడానికి మనమెవరం?

మనిషి జీవితంలో ఇది ఒక ప్రత్యేకమైన దశ. మిగతా వయసుల్లో మనిషికి హక్కులూ ఉంటాయి, బాధ్యతలూ ఉంటాయి. పసితనంలో మాత్రం ఉన్నవన్నీ హక్కులే. తల్లి పాలు అతని హక్కు. మంచి పేరు, తిండి, బట్ట, శుభ్రత, ముద్దు అతని హక్కులు. వీటిని మనం ఒప్పుకుంటాం. ఆట కూడా ఈ వరసలోనే ఉందన్న సంగతి మాత్రం మరచిపోతాం.

గమనించండి. ఆకలేసి ఏడ్చే బిడ్డను ఎవరూ శైతాన్ అనరు, పాలు పడతారు. అదే బిడ్డ కాళ్ళు పరుగు కోరి, కళ్ళు చెట్టునో పిట్టనో కోరి ఏడిస్తే అది అల్లరి అవుతుంది. రెండూ అవసరంలోంచి వచ్చిన ఏడుపులే. మొదటిది తీరుస్తున్నాం, రెండోది తీర్చడం లేదు. తీర్చకపోగా నిందిస్తున్నాం. అప్పు తీసుకున్నవాడు, అడగడానికి గుమ్మంలోకి వచ్చినవాడినే తిట్టినట్టుంది మన వ్యవహారం.

ప్రవక్తల లోగిళ్ళలో పసివారు

హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) వృత్తాంతం మనందరికీ తెలిసిందే. ఆయన అన్నలు తండ్రి దగ్గరికి వచ్చి, రేపు తమ్ముణ్ణి మాతో పంపండి, తిని ఆడుకుంటాడని అడిగారు. వారి మనసులో కుట్ర ఉంది. కాని వారు ఎంచుకున్న సాకు ఏమిటో చూడండి. ఆరుబయట ఆటే! అది పిల్లవాడికి అక్కరలేనిదే అయితే ఒక ప్రవక్త ముందు ఆ సాకు నిలిచేదా? హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) ఆట ఎందుకని అడగలేదు. మీరు ఏమరుపాటుగా ఉంటే తోడేలు ఎత్తుకుపోతుందేమోనని భయపడ్డారు. ఆయన అభ్యంతరం కాపలా గురించే గాని ఆట గురించి కాదు.

హజ్రత్ అనస్ (రజి) గారి చిన్న తమ్ముడు అబూ ఉమైర్ అప్పుడే పాలు మానిన పసివాడు. అతని దగ్గర ఆడుకోవడానికి ఒక చిన్న పిట్ట ఉండేది. దైవప్రవక్త (స) ఆ ఇంటికి వచ్చినప్పుడు, పెద్దలను పలకరించినట్టే ఆ పసివాణ్ణి కూడా పేరు పెట్టి పిలిచి, నీ పిట్ట ఏమైందని అడిగేవారు. ఒక సమాజాన్ని నడిపిస్తున్న మహనీయునికి ఒక పసివాడి పిట్ట క్షేమం విచారించే తీరిక ఉంది! మరో సందర్భంలో ఆయన సజ్దాలో ఉండగా మనవడు వీపు మీదికి ఎక్కాడు. సజ్దా ఎంతకూ ముగియకపోవడంతో వెనుక ఉన్నవారు కంగారుపడ్డారు. బిడ్డ ముచ్చట తీరే దాకా తొందరపెట్టడం ఇష్టం లేకపోయిందని నమాజు తరువాత ఆయన చెప్పారు. మన ఇంట్లో వీపెక్కిన పిల్లవాడికి దొరికే బిరుదునూ, ఆ పిల్లవాడికి దొరికిన ఆదరణనూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

ఇక్కడ కొందరు ధర్మాసక్తి గల సోదరులకు ఒక సందేహం కలుగుతుంది. ప్రాపంచిక జీవితం ఆట, తమాషా తప్ప మరేమీ కాదని ఖుర్ఆన్ హెచ్చరించింది కదా, అలాంటప్పుడు పార్కులకు, షికార్లకు సమయం వెచ్చించడం ఏమిటని. ఆ హెచ్చరిక జీవితాన్నే ఆటగా మార్చుకున్న పెద్దలకు. ఆటే పనిగా పుట్టిన పసివాడికి కాదు. హజ్రత్ హంజలా (రజి) గారికి కూడా ఇలాంటి కలతే కలిగింది. దైవప్రవక్త (స) సన్నిధిలో స్వర్గనరకాలు కళ్ళ ముందు కనబడతాయి, ఇంటికి వెళ్ళి భార్యాబిడ్డల్లో పడగానే ఎంతో మరచిపోతాము, నేను కపటినైపోయానా అని ఆయన బాధపడ్డారు. దానికి ఇది కొంతసేపు, అది కొంతసేపు అని ప్రవక్త (స) ఆయనను ఊరడించారు. బిడ్డలతో గడిపిన ఘడియను విశ్వాసానికి లోటుగా లెక్కించలేదు. ఇమాం గజాలీ (రహ్మతుల్లాహి అలైహి) అయితే ‘ఇహ్యా ఉలూమిద్దీన్’లో, చదువుకునే పిల్లవాణ్ణి సైతం చదువు తరువాత చక్కగా ఆడుకోనివ్వాలని, ఆట మాన్పించి ఎప్పుడూ చదువే రుద్దితే అతని మనసు చచ్చిపోతుందని రాశారు. ఇంకా అక్షరం దిద్దని పసివాడి సంగతి వేరే చెప్పాలా!

రెండు గదుల్లో ఒక పసివాడు

ఇప్పుడు మన పరిస్థితి చూద్దాం. బల్కంపేటలో, అమీర్‌పేటలో చాలా కుటుంబాలది రెండు గదుల అద్దె ఇల్లు. ముంగిట్లో వాకిలి ఉండదు. సెల్లారంతా బండ్లు. గేటు దాటితే సందులో ఆటోలు, స్కూటర్లు, నీళ్ళ ట్యాంకర్లు. మేడ మీద ట్యాంకులు, పొట్టి పిట్టగోడలు. తల్లి ఎక్కడని వదులుతుంది? తండ్రి పొద్దున వెళ్ళి రాత్రికి వస్తాడు. దాదీకి మోకాళ్ళ నొప్పులు. చివరికి తలుపు గొళ్ళెం పడుతుంది, బిడ్డ చేతికి ఫోను వస్తుంది. ఇల్లు నిశ్శబ్దమవుతుంది. ఆ నిశ్శబ్దాన్ని చూసి, వీడు బుద్ధిమంతుడయ్యాడని మనం సంతోషిస్తాం.

ఐదేళ్ళలోపు పిల్లల విషయమై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో మార్గదర్శకాలు విడుదల చేసింది. ఏడాది నుంచి నాలుగేళ్ళ పిల్లలు రోజంతా కలిపి కనీసం 180 నిమిషాలు, అంటే మూడు గంటలు ఒళ్ళు కదిలేలా గడపాలని చెప్పింది. ఏడాది వయసులో తెర అసలు వద్దని, రెండేళ్ళు వచ్చాక కూడా రోజుకు గంట మించరాదని, ఎంత తగ్గితే అంత మంచిదని చెప్పింది. మన ఇళ్ళలో ఈ రెండు లెక్కలూ తారుమారవుతున్నాయేమో ఎవరికి వారు చూసుకోవాలి. ఫోను బిడ్డకు ఇచ్చిన కానుక కాదు. చాలాసార్లు అది మన విశ్రాంతి కోసం అతని హక్కుకు బదులు చెల్లించిన చెల్లని నాణెం.

ఇందులో నేరం తల్లి మీద మోపడం అన్యాయం. పొద్దంతా ఆ రెండు గదుల్లో బిడ్డతో పాటు ఆమె కూడా బందీయే. పండుగనాడు హబషీల విన్యాసాలను దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)కి చూపించారు. ఆమెకు తనివి తీరే వరకు నిలబడ్డారు. భార్యకు కాస్త గాలి, వెలుగు, ఉల్లాసం కల్పించడం మగవాడి దయ కాదు, మంచి నడవడిలో భాగం. కనుక ప్రశ్న ముఖ్యంగా తండ్రులకే. ప్రతి ఒక్కరూ కాపరేనని, తన మందను గురించి ప్రతి ఒక్కరినీ ప్రశ్నించడం జరుగుతుందని హదీసు చెబుతోంది. కాపరి పని మందను దొడ్లో కట్టేయడం మాత్రమే కాదు, మేతకు తోలుకెళ్ళడం కూడా.

వసంతం వేచి ఉండదు

మన నగరంలో వసంతం చాలా చిన్నది. ఫిబ్రవరిలో బూరుగు చెట్లు ఆకురాల్చి ఎర్రటి పూలు పూస్తాయి. మార్చిలో కానుగలు లేత ఆకులతో మెరుస్తాయి, వేప పూతకొస్తుంది. ఏప్రిల్ వచ్చేసరికి ఎండ ముదిరి పసివాణ్ణి బయటకు తీసే వీలుండదు. బిడ్డ పసితనం కూడా ఇంతే. ఈ ఏడు తీర్చని బాకీని వచ్చే ఏడు తీరుద్దామంటే, అప్పటికి వాడు ఈ పిల్లవాడుగా ఉండడు.

దీనికి పెద్ద ఖర్చు కూడా అక్కరలేదు. బల్కంపేట నుంచి బేగంపేట మీదుగా వెళ్తే హుసేన్‌సాగర్ ఒడ్డున సంజీవయ్య పార్కు ఉంది. 1846లో వేసిన బాగే ఆమ్ ఉంది. అమీర్‌పేటలో మెట్రో ఎక్కి అసెంబ్లీ దగ్గరో నాంపల్లిలోనో దిగితే దగ్గరే. రైలు కిటికీలోంచి ఊరిని చూడడమే పిల్లవాడికి సగం పండుగ. ఆ తోటలోనే షాహీ మస్జిద్ ఉంది గనుక నమాజుకు ఇబ్బంది లేదు. అస్ర్ నుంచి మగ్రిబ్ దాకా ఉన్న గంటన్నర వారానికి ఒక్కసారైనా ఆ బిడ్డకు ఇవ్వలేమా?

చీకటి పడేవేళ శైతానులు సంచరిస్తాయని, అప్పుడు పిల్లలను లోపల ఉంచమని, రాత్రి కొంత గడిచాక వదలవచ్చని దైవప్రవక్త (స) బోధించారు. ఆ వేళ ఆపమన్నారంటే మిగతా వేళల్లో పిల్లలు బయట ఆడుకునేవారనే కదా అర్థం! ఆయన పిల్లలను శైతాను నుంచి కాపాడమన్నారు. మనం పిల్లలకే ఆ పేరు పెడుతున్నాం. ప్రతి శిశువూ సహజ స్వచ్ఛతతోనే పుడుతుందని చెప్పిన ధర్మం మనది. సంతానానికి కీడు కోరవద్దని, అది ప్రార్థనలు ఆమోదించబడే ఘడియ కావచ్చని కూడా ఆయన హెచ్చరించారు. విసుగులో జారే మాటలకు ఈ హెచ్చరిక చాలు.

ఈ మధ్య సంవత్సరాల్లో రమజాను కూడా వసంతంలోనే వస్తోంది. మన దేశంలో 2024లో మార్చి 12న, 2025లో మార్చి 2న ఉపవాసాలు మొదలయ్యాయి. ఉపవాసంతో ఉన్న తల్లికి ఓపిక తగ్గుతుంది, పిల్లవాడికి మాత్రం ఆ సంగతి తెలియదు. ఆషూరా నాడు తమ చిన్నారుల చేత ఉపవాసం ఉంచినప్పుడు సహాబియాత్ ఉన్నితో బొమ్మలు చేసి వారిని ఆడించేవారని హజ్రత్ రుబయ్యి (రజి) తెలిపారు. ఆరాధన ఉన్న రోజున కూడా ఆట గురించి ఆలోచించిన తల్లులు వారు.

మరొక్క మాట. ఏడుపు మాన్పడానికి ‘పార్కుకు తీసుకెళ్తా’ అని చెప్పి మరచిపోవడం మనకు అలవాటు. ఒక తల్లి బిడ్డను ఏదో ఇస్తానని పిలిచింది. ఏమివ్వాలనుకున్నావని దైవప్రవక్త (స) అడిగారు. ఖర్జూరం అని ఆమె జవాబిచ్చింది. ఏమీ ఇవ్వకపోయి ఉంటే నీ పేరున ఒక అబద్ధం రాయబడేదని ఆయన అన్నారు. రెండేళ్ళవాడికి చెప్పింది కూడా అబద్ధమే.

ఇతరుల హక్కు

అలాగని పసివాడికి పాపం లేదు గనుక ఏం చేసినా చెల్లుతుందని కాదు. బిడ్డ చేతిలో ఇతరుల వస్తువు పాడైతే పాపం లేకపోయినా పరిహారం ఉందని ధర్మవేత్తలు స్పష్టం చేశారు. పార్కులో పూలు తెంపినా, పక్కవారి పిల్లను తోసినా, బెంచీ మీద కూర్చున్న వృద్ధుణ్ణి విసిగించినా బిడ్డను వారించాలి, పెద్దలు క్షమాపణ అడగాలి. తిని పారేసిన కవర్లు ఎత్తాలి. దారిలో హాని కలిగించేదాన్ని తొలగించడం విశ్వాసంలో భాగమని నేర్పడానికి అంతకంటే మంచి బడి దొరకదు. చెయ్యి పట్టుకుని ఆపడం వేరు, చెయ్యి చేసుకోవడం వేరు. మొదటిది శిక్షణ, రెండోది మన కోపం.

సోదర సోదరీమణులారా! తల్లిదండ్రుల కోసం సంతానం ఏమని వేడుకోవాలో అల్లాహ్ దివ్య ఖుర్ఆన్‌లో నేర్పాడు. చిన్ననాడు వారు తమను పెంచి పోషించిన తీరును గుర్తుచేసి, అలాగే వారిని కరుణించమని అడగమన్నాడు. ఈ రోజు తలుపు దగ్గర నిలబడి ఏడుస్తున్న ఈ బిడ్డే రేపు మన కోసం ఆ చేతులెత్తుతాడు. మనం అతణ్ణి పెంచిన తీరే ఆ దుఆలో ప్రస్తావనకు వస్తుంది. అప్పుడు మన వంతుకు ఎలాంటి కరుణ రావాలని కోరుకుంటామో, ఈ సాయంత్రం ఆ గొళ్ళెం తీసేటప్పుడు గుర్తుంచుకుంటే చాలు.

అల్లాహ్ మన సంతానాన్ని మన కన్నులకు చలువగా చేయుగాక, వారి హక్కులు నెరవేర్చే భాగ్యాన్ని మనకు ప్రసాదించుగాక! ఆమీన్.