పారేసిన తలుపు

ఎలక్ట్రిక్ గిటారు చేద్దామని బుద్ధి పుట్టినప్పుడు నా దగ్గర చెక్క కూడా లేదు. ఆసామి పాత ఇల్లు పడగొట్టే కూలికి పోయిన మా అయ్య, పనికిరాదని పారేసిన టేకు తలుపు అడిగి తెచ్చాడు. అది ఆ ఇంటికి ఉన్నన్నాళ్లూ మేం ఆ గడప తొక్కి ఎరగం.

అయ్య తోలు కోసే రంపెతోనే అంచులు గీకి నున్న చేశా. అయస్కాంతం చుట్టూ వెంట్రుక కంటే సన్నటి రాగితీగ వేల చుట్లు చుట్టా. పైన ఉక్కుతీగ కదిలితే ఆ చుట్టలో కరెంటు పుడుతుంది. మీటిన వేలు ఎవరిదని అది అడగదు. ఆదివారం చర్చిలో వాయిస్తే గూడెమంతా మురిసింది.

"ఇక మనకి డప్పెందుకయ్యా?" అన్నా.

అయ్య నవ్వలేదు. "వాళ్లు పారేసిన గొడ్డుతోలు నేను చింతగింజల జిగురుతో చట్రానికి అంటించా. వాళ్లు పారేసిన తలుపుకి నువ్వు తీగెలు బిగించావ్. తేడా ఏందిరా?"

1963లో ఇంగ్లండులో పదహారేళ్ల బ్రయాన్ మే, తండ్రితో కలిసి గిటారు చెయ్యడం మొదలుపెట్టాడు. దాని మెడ పాత చలిమంట గూటి చెక్క. ఆ తండ్రీకొడుకుల పనిని లోకం ప్రతిభ అంది. తరతరాలుగా అదే పని చేసిన మా తాతల్ని ఊరు మైల అంది.

ఊరు అంటే అంది, నేనెందుకు నమ్మాను? డప్పుని చూసి సిగ్గుపడింది ఊరు కాదు, నేను. ఆ సిగ్గు కూడా వాళ్లు నా మీద పారేసిందే. అదొక్కటే నేను ఏరుకోకుండా ఉండాల్సింది.

చదువుకుంటున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీ నాయన ఏం చేస్తాడని హాస్టల్లో అడిగితే మీరేం చెప్తున్నారు?