స్నానాల గది ఖర్చులో శౌచం, సంతోషం

పతంజలి చెప్పిన ఐదు నియమాల్లో మొదటిది శౌచం, దాని వెంటే సంతోషం. ఒంటినీ మనసునూ శుభ్రంగా ఉంచుకోమన్న మహర్షి, ఆ వెంటనే ఉన్నదాంతో తృప్తి పడమన్నారు. బాత్రూం బాగుచేయించుకోవడానికి లెక్కలు వేస్తున్న జనగామ, మానుకోట, భూపాలపల్లి కుటుంబాలు ఈ రెండింటినీ కలిపే పాటించాలి.

చాలా ఇళ్లలో ఎస్టిమేట్ షోరూంలో మొదలవుతుంది. టైల్స్, షవర్, అద్దం ముందుగా కాగితమెక్కుతాయి. పైపులు, వాలు, వాటర్ ప్రూఫింగ్ చివరికి మిగిలిన పైసల్లో సర్దుకోవాలి. తీరా మేస్త్రీ పాత గచ్చు పగలగొట్టాక తుప్పుపట్టిన పైపు, గోడలోకి దిగిన చెమ్మ బయటపడతాయి. అంచనాలో కనీసం పదోవంతు అదనంగా పక్కన పెట్టుకోవడం ఇందుకే.

అసలు పరీక్ష టైల్స్ పరచకముందే జరగాలి. నీళ్లు పోయే ట్రాప్ మూతిని బిగించి, గడప దగ్గర చిన్న సిమెంటు కట్ట పోసి, నేలంతా రెండంగుళాల మేర నీళ్లు నిలపాలి. నీటిమట్టం దగ్గర గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి, ఒక పగలూ ఒక రాత్రీ ఆగాలి. మట్టం దిగినా, కింది స్లాబుకు చెమ్మ పట్టినా పని ఆపి సరిచేయించాలి. ఖర్చయ్యేది ఒక్క రోజే. నియమాల్లో మూడోదైన తపస్సు గృహస్థుకు ఇలాంటి ఓపికలోనూ ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటుపై జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. అక్కడ మిగిలిన సొమ్ముకు వాటర్ ప్రూఫింగే సరైన చోటు.

ఇంట్లో పెద్దవాళ్లుంటే గోడకు పట్టుకునే కడ్డీ, జారని టైల్స్, బయటికి తెరుచుకునే తలుపు తప్పనిసరి. లోపల ఎవరైనా పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపుకు ఆ మనిషే అడ్డమవుతారు. తల్లిదండ్రుల సేవలో దీన్నీ లెక్కవేయాలి.

ఇక, గది దాటిపోయిన మురికి సంగతి. 2016 అక్టోబరు దాకా జనగామ, మానుకోట, భూపాలపల్లి మూడూ ఉమ్మడి వరంగల్ జిల్లాలోనివే. ఆ వరంగల్ గడ్డ మీదే, గీసుగొండ మండలం గంగదేవిపల్లిలో, 2017 ఫిబ్రవరిలో కేంద్ర పారిశుద్ధ్య కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ మరుగుదొడ్డి గుంతలోకి స్వయంగా దిగి, ఎరువుగా మారిన మట్టిని ఎత్తిపోశారు. అది జంట గుంతల పద్ధతి. ఒకటి నిండితే మురుగును రెండోదానికి మళ్లిస్తారు. మొదటిది ఏడాదికి పైగా మూసి ఉంచితే వాసన లేని పొడి ఎరువవుతుంది. స్నానం నీళ్లు మాత్రం వాటిలోకి పోకూడదు. స్వచ్ఛ భారత్ కింద గ్రామీణ మరుగుదొడ్డికి ఇచ్చిన 12,000 రూపాయల ప్రోత్సాహకం ఇలాంటి సాదా కట్టడం కోసమే.

అంతటి అధికారి గుంతలోకి దిగడం ఎందుకు వార్తయింది? ఆ పనిని తరతరాలుగా కొన్ని కులాల నెత్తిన రుద్దాం కనుక. 1901 కలకత్తా కాంగ్రెస్ సభలో గాంధీజీ చీపురు అడిగి తెచ్చుకుని పాయిఖానా శుభ్రం చేశారు. అంతకు శతాబ్దాల ముందే, జనగామ జిల్లా పాలకుర్తి తమవాడని చెప్పుకునే పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో బట్టలుతికే మడివాలు మాచయ్యను మహాభక్తుడిగా నిలిపాడు. ఒకరి మైల ఇంకొకరి తలరాత అనుకునే చోట ఎన్ని స్నానాలు చేసినా శౌచం కుదరదు. సెప్టిక్ ట్యాంకులోకి రక్షణ లేకుండా మనిషిని దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది కూడా.

కాబట్టి స్థలం ఉంటే జంట గుంతలకు, లేకుంటే సెప్టిక్ ట్యాంకుకు ముందుగా డబ్బు తీసిపెట్టాలి. ట్యాంకు మూత బండి వచ్చే దారి వైపు, యంత్రం గొట్టం దిగేంత వెడల్పుగా పెట్టించాలి. కొన్నేళ్లకోసారి బండిని పిలిపించే ఖర్చు ఎంతో ఇప్పుడే కనుక్కుని ఎస్టిమేట్ కాగితంలో రాసుకోవాలి. టైల్స్ రంగు ఎంచుకోవడానికి ఆ తర్వాత వెళ్లొచ్చు.