నెరిసిన తల

మొన్న ఆదివారం దివ్యబలిపూజకు తయారవుతూ అద్దం ముందు నిలబడితే, చెవి పక్కన తెల్ల వెంట్రుకలు కనిపించాయి. కత్తెర తీసుకోబోతుంటే పదేళ్ల మా అమ్మాయి, "ఎందుకు నాన్నా దాస్తున్నావు?" అని అడిగింది. వెంటనే జవాబు తోచలేదు. నెరుపును దాయడం తప్పా? రంగు వేసుకోవడం అబద్ధమాడటమేనా?

వెంట్రుకకు నలుపు మెలనిన్ అనే పదార్థం వల్ల వస్తుంది. దానిని తయారుచేసే కణాలు వెంట్రుక కుదురులో ఉంటాయి. వయసుతోపాటు అవి తగ్గిపోతే వెంట్రుక రంగు లేకుండా మొలుస్తుంది. అది ఎప్పుడు మొదలవుతుందనేది చాలావరకు తల్లిదండ్రుల నుండి వచ్చేదే. ఇందులో సిగ్గుపడవలసిందేమీ లేదు.

రంగు వేసుకునేవారందరినీ ఒకే గాట కట్టకూడదు. దుకాణంలో పనిచేసే నలభై అయిదేళ్ల మనిషికి, తల నెరిస్తే యజమాని కుర్రవాళ్లను చూసుకుంటాడేమోనని భయం. అతడు రంగు వేసుకుంటే తన కూడు కాపాడుకుంటున్నాడు, అంతే. పెళ్లిచూపులలో వయసు ఆరేళ్లు తగ్గించి చెప్పి, దానికి తగినట్టు జుట్టు నల్లబరచుకున్నవాడి సంగతి వేరు. అక్కడ అబద్ధం రంగులో లేదు, నోటిలో ఉంది. దానిమీద ఒక ఆడపిల్ల బ్రతుకు ఆధారపడి ఉంది. కొండమీది ప్రసంగంలో ప్రభువు వెంట్రుకల రంగును ప్రస్తావించింది కూడా ఒట్ల గురించి, మాట నిజాయితీ గురించి చెబుతూనే (మత్తయి 5:36).

మన ఇళ్లలో ఇంకొక అన్యాయం ఉంది. భర్త తల నెరిస్తే పెద్దరికం అంటాము. భార్య తల నెరిస్తే "ముసలిదానివైపోయావు" అని నవ్వుతాము. ఆ నవ్వుకు భయపడి ఆమె రంగు పొట్లం తెప్పించుకుంటుంది, దురద వచ్చినా, దద్దుర్లు లేచినా ఓర్చుకుంటుంది. చాలా రంగులలో ఉండే పిపిడి అనే రసాయనం కొందరికి పడదు. గోరింటాకు ఎరుపునే ఇస్తుంది. నల్ల హెన్నా పేరుతో అమ్మేవాటిలో తరచు ఈ రసాయనమే కలిసి ఉంటుంది. ముందుగా చెవి వెనుక కొద్దిగా రాసి రెండు రోజులు చూడటం మంచిది. ఆ నవ్వు మానుకోవడం ఇంకా మంచిది.

ఇక నా సంగతి. మా ఇంట్లో నాకంటే ముందు నెరిసిన తల ఒకటి ఉంది. మా నాన్నగారు వరండాలో కూర్చుని చెప్పిందే మళ్లీ చెబుతుంటే నేను ఎన్నోసార్లు విసుక్కున్నాను. మా అమ్మాయి అదంతా చూస్తూనే ఉంది. నెరిసిన తలకు నేనే విలువ ఇవ్వని ఇంట్లో, నా తల నెరుస్తున్నదని నాకు భయం వేయడంలో వింతేముంది? నేను దాచబోయింది వెంట్రుకలను కాదు, రేపు నాకూ అదే గతి పడుతుందన్న భయాన్ని.

పెద్దల ఎదుట లేచి నిలబడాలని లేవీయకాండము 19వ అధ్యాయం నేర్పుతుంది. సామెతల గ్రంథం 16వ అధ్యాయం నెరిసిన తలను గొప్పచేస్తూనే, దానిని నీతిమార్గంతో ముడిపెడుతుంది. వయసు ఒక్కటే చాలదని దాని భావం.

కాబట్టి రంగు వేసుకునేవారు వేసుకోవచ్చు, మానేవారు మానవచ్చు. ఎవరినీ మోసగించకుండా ఉంటే చాలు. కాని ముందుగా మన ఇంట్లో ఇప్పటికే నెరిసి ఉన్న తల పక్కన ఈ సాయంత్రం కాసేపు కూర్చుందాం. చెప్పిన కథే చెప్పినా చివరిదాకా విందాం. పిల్లలు చూస్తున్నారు.