రేక్లా వీరుడి రెండో పందెం

కోయంబత్తూరు చుట్టుపక్కల ఊళ్ల పేర్లు చదివితే చాలు, అక్కడ తెలుగువాళ్ల వేళ్లు ఎంత లోతున ఉన్నాయో తెలుస్తుంది. పెరియనాయకన్‌పాళయం, నరసింహనాయకన్‌పాళయం, పాపనాయకన్‌పాళయం. విజయనగరం దండుల వెనకాల, ఆ తర్వాత మదురై నాయకుల ఏలుబడిలో వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఎన్నో. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. నల్లరేగడిలో పత్తి వేశారు, రాతిని తొలిచి బావులు తవ్వారు, మోటలు కట్టారు, ఆ పత్తి డబ్బుతోనే తర్వాత మిల్లులూ పెట్టారు. ఎడ్ల మీద మోజు మాత్రం మిల్లులు వచ్చాక కూడా పోలేదు.

ఆ వైపు ఒకప్పుడు ఒక రేక్లా వీరుడు ఉండేవాడు. రేక్లా అంటే రెండు చక్రాల తేలిక బండి, దానికి జత కాంగేయం ఎడ్లు, పైన ఒక్క మనిషి. దూరం రెండు వందల మీటర్లు, లేదంటే మూడు వందలు. దుమ్ము లేచి మళ్లీ నేల మీదికి దిగేలోపు పందెం అయిపోతుంది.

అతను ఎడ్ల మధ్య పెరిగినవాడు కాదు. చిన్నతనమంతా మదురై వైపు అమ్మమ్మ ఊళ్లో గడిచింది. తిరుమల నాయకుడు తవ్వించిన వండియూరు తెప్పకుళం లాంటి పేరున్న కొలను కాదు గానీ, ఆ ఊరికీ ఒక పెద్ద చెరువు ఉండేది. తై నెలలో పొంగలు వెళ్లాక అక్కడ కుర్రాళ్లకు ఒక పందెం పెట్టేవారు. ముందు చెరువు ఈదాలి, తర్వాత గట్టు చుట్టూ పరుగెత్తాలి, చివర గుడి ముందున్న గుండ్రాయిని భుజం మీదికి ఎత్తాలి. మూడూ ఒకే ఊపున, మధ్యలో కూర్చోకుండా. గెలిచినవాడికి ఒక నిమ్మకాయ, కాస్త పసుపు. దిండిగల్లు, కరూరు వైపు రాజకంబళం కులంవాళ్లు ఎద్దుల పరుగులో గెలిచిన ఎద్దుకు ఇచ్చే బహుమతి కూడా అదే. అంతకు మించి ఇస్తే పందెం చెడిపోతుందని ఆ కాలపు పెద్దలకు తెలుసేమో. పదహారో ఏట అతను ఆ నిమ్మకాయ అందుకున్నాడు. మరుసటి ఏడూ అందుకున్నాడు.

తర్వాత ఎవరో అతని భుజాలు చూసి, నిమ్మకాయకు ఇంత ఒళ్లు ఖర్చు చేసుకోవడం ఎందుకని, రేక్లా బండి ఎక్కించారు. అక్కడ బహుమతి బంగారు కాసు. అతను నాన్న ఊరికి వచ్చేశాడు.

రెండు మూడేళ్లు బాగానే తోలాడు. అంతలో పెద్ద జబ్బు చేసింది. పాడె కట్టడమే తరువాయి అనుకున్నారు. అతను లేచాడు. లేచి, మళ్లీ బండి ఎక్కి, వరసగా ఏడేళ్లు ఓటమి లేకుండా గెలిచాడు. ఒళ్లు బాగాలేని పిల్లల మంచం పక్కన కూర్చుని తల్లులు అతని కథ చెప్పేవారు. చావును చూసి వచ్చినవాడు గెలుస్తుంటే, ఎలా గెలుస్తున్నాడని అడగడానికి ఎవరికి నోరు వస్తుంది?

ఒకరిద్దరికి వచ్చింది. అతని ఎడ్లను చూసుకునే జీతగాళ్లలో ఒకడు, పందేనికి ముందు రాత్రి వెదురు గొట్టంతో ఎడ్లకు ఏదో మందు పడుతున్నారని నోరు జారాడు. వీరుడు ఊరుకోలేదు. పరువు తీశాడని పంచాయతీ పెట్టించి వాడి చేత తప్పు కట్టించాడు. ఆ మాటను నలుగురికీ చెప్పిన కొట్టు షావుకారు చేతా కట్టించాడు. ఆ జీతగాడికి ఆ తాలూకాలో మళ్లీ ఎడ్ల పని దొరకలేదు. అది చూశాక మిగతావాళ్లు నాలుక మడిచి లోపల పెట్టుకున్నారు. నిజానికి గొట్టం వాడింది అతనొక్కడే కాదు. బండ్లు తోలే చాలామంది ఇళ్ల చూరుల్లో అలాంటి గొట్టమే ఉండేది. కాకపోతే గొట్టం సంగతి ఎత్తినవాణ్ణి ఊళ్లోంచి వెళ్లగొట్టించింది అతను.

వయసు మీద పడ్డాక చర్నాకోల గోడకు తగిలించాడు. తోటలో కూర్చున్నాడు. కూర్చోవడం చేతకాలేదు. గెలుపు అలవాటైనవాడికి విశ్రాంతి శిక్షలా ఉంటుంది. ఎక్కడైనా పోటీ ఉందా అని వెతికాడు, అమ్మమ్మ ఊరి చెరువు గుర్తొచ్చింది.

అప్పటికి చెరువు పందెం పెద్దదైంది. అలాంటి పందేలు ఇంకా నాలుగైదు చెరువుల దగ్గర జరుగుతున్నాయి. కుర్రాళ్లు ఏడాది పొడుగునా సాధన చేస్తున్నారు. జనం మాత్రం పలచగా ఉండేవారు. వీరుడు వస్తున్నాడన్న కబురుతో గాజుల అంగళ్లు వచ్చాయి, మిఠాయి బండ్లు వచ్చాయి, గట్టు మీద నిలబడడానికి చోటు లేకపోయింది. పందెం పెద్దలకు ఒళ్లు పొంగింది.

వాళ్ల దగ్గర తాటాకు మీద రాసుకున్న కట్టడి ఒకటి ఉంది. ఏ ఊరి పంచాయతీలోనైనా పందెపు మోసం మీద విచారణ నడుస్తుంటే, అది తేలేదాకా ఆ మనిషి నీళ్లలో దిగకూడదు. రేక్లా ఊళ్లో గుసగుసలు ఆగలేదని వాళ్లకు తెలుసు. ఒక విచారణ మొదలై, ఏమీ తేలకుండానే మూతపడిందనీ తెలుసు. మూతపడింది కదా అనుకున్నారు. తాటాకు పెట్టెలోంచి బయటికి రాలేదు.

మొదటి చెరువు దగ్గర అతను రెండోవాడయ్యాడు. తర్వాతి రెండు చోట్ల ఇంకా వెనకబడ్డాడు. ఒళ్లు కుదురుకుంది. నాలుగో చెరువు గెలిచాడు. ఐదోదీ గెలిచాడు. అక్కడ ఒక రైతు కొడుకు ఉన్నాడు. ఆ ఏడు తనదేనని ఊరంతా అన్న కుర్రాడు. వాడు వీరుడి వెనక వచ్చి, దండం పెట్టి, ఇంటికి వెళ్లిపోయాడు. కొందరు కుర్రాళ్లు వీరుడి పక్కన ఈదడమే భాగ్యమన్నారు. కొందరు ఆ మాట విని మొహం తిప్పుకున్నారు.

ఇక మిగిలింది పెద్ద చెరువు. దానికి ఇంకా కొద్ది రోజులుందనగా రేక్లా ఊరి నుంచి మనిషి వచ్చాడు. అక్కడ కొత్త పెద్దలు జీతగాళ్లను ఒక్కొక్కణ్ణే వేరుగా కూర్చోబెట్టి అడిగారు. ఒకడు చెప్పాడు. వాడు చెప్పాడని తెలిసి రెండోవాడు చెప్పాడు. ఆఖరికి అతని పక్క బండి తోలిన స్నేహితులూ చెప్పారు, తమ గొట్టాల సంగతి కూడా దాచుకోకుండా. విచారణ మళ్లీ తెరిచారు.

ఇప్పుడు తాటాకు బయటికి వచ్చింది. చెరువు మెట్ల మీద అతన్ని ఆపారు.

అతను చెప్పుకున్నాడు. ఇక్కడ ఎద్దుల్లేవు, గొట్టం లేదు, ఉన్నవి తన చేతులూ కాళ్లే అన్నాడు. రేక్లా తగాదాకీ చెరువుకీ సంబంధం ఏమిటన్నాడు. కావాలంటే రాత్రంతా కాపలా పెట్టుకోమన్నాడు. గట్టు మీద జనం రెండుగా చీలారు. తీర్పు రాకముందే శిక్ష ఏమిటని కొందరు, కట్టడి కట్టడే అని కొందరు. రెండు వైపులా కొంత న్యాయం ఉంది. కానీ పందెం పెద్దల మొహాల్లో కనిపించింది న్యాయం కాదు, మొదట్లోనే చదవాల్సిన తాటాకును ఇప్పుడు చదివినందుకు సిగ్గు.

కొన్నాళ్లకు అతను విసిగిపోయి, ఇక విచారణకు రానన్నాడు. రాకపోతే ఒప్పుకున్నట్టే అని రేక్లా పెద్దలు తీర్పు చెప్పారు. గొట్టం మొదటిసారి వాడిన నాటి నుంచి ఈ రోజు దాకా అతను ఏ ఊళ్లో, ఏ పందెంలో గెలిచినా అది గెలుపు కాదన్నారు. ఏడు బంగారు కాసులతో పాటు రెండు నిమ్మకాయలూ ఆ లెక్కలో పోయాయి.

ఐదో చెరువు నిమ్మకాయను రైతు కొడుకు ఇంటికి పంపారు. అప్పటికి అది ఎండి గులకరాయిలా అయింది. గట్టు మీద జనం లేరు, కేకలు లేవు, కబురు తెచ్చిన మనిషి మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు. కుర్రాడి తల్లి ఆ కాయను నాలుగు మిరపకాయలతో కలిపి దిష్టికని గుమ్మానికి కట్టింది.

వీరుడు చివరికి ఊరందరి ముందు నిలబడి గొట్టం సంగతి ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూనే, చెరువుల దగ్గర మాత్రం ఏ మందూ లేదన్నాడు. అది నిజమే కావచ్చు. పదహారేళ్లప్పుడు ఏ మందు తాగి ఈదాడు గనక? నమ్మకపోతే చూడండని, పందెం లేని రోజున, పట్టపగలు, అందరూ చూస్తుండగా ఆ పెద్ద చెరువులో దిగి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఈదాడు. ఆ వయసులో అలా ఈదినవాడు ఆ చెరువులో మరొకడు లేడు. గట్టు మీద జనం మాత్రం అతని ఈత చూడలేదు. మొలలో గొట్టం ఏమైనా దోపుకున్నాడేమోనని చూశారు.

కథ కల్పితం. ఇలాగే నడిచిన జీవితం మాత్రం ఒకటి ఉంది. అమెరికాలో టెక్సాస్‌కు చెందిన లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ పదహారేళ్లకే, ఈత, సైకిల్, పరుగు కలిసిన ట్రయథ్లాన్‌లో వృత్తి ఆటగాడయ్యాడు. 1989లో, 1990లో ఆ దేశపు స్ప్రింట్ ట్రయథ్లాన్ ఛాంపియన్. ఆ తర్వాత సైకిలే జీవితమైంది. 1996లో క్యాన్సర్ బయటపడింది, కోలుకుని 1999 నుంచి 2005 దాకా టూర్ డి ఫ్రాన్స్‌ను వరసగా ఏడుసార్లు గెలిచాడు. మందుల అనుమానం రాసిన లండన్ పత్రిక సండే టైమ్స్ మీద దావా వేసి డబ్బు రాబట్టాడు. 2011లో సైకిల్ పోటీల నుంచి రెండోసారి తప్పుకుని ట్రయథ్లాన్‌కు తిరిగొచ్చాడు.

2012 ఫిబ్రవరి మొదట్లో అతని జట్టు మీద నడిచిన ఫెడరల్ విచారణ అభియోగాలు లేకుండా ముగిసింది. అదే నెలలో పనామాలో ఐరన్‌మ్యాన్ 70.3 పోటీకి దిగాడు. 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, 21 కిలోమీటర్ల పరుగు. న్యూజిలాండ్ ఒలింపిక్ పతక విజేత బెవన్ డోచెర్టీ వెనక రెండోవాడయ్యాడు. మే నెలలో ఫ్లోరిడాలో, జూన్ 2న హవాయిలో గెలిచాడు. అప్పటికి అతని వయసు 40. అదే నెల చివర ఫ్రాన్స్‌లోని నీస్‌లో పూర్తి ఐరన్‌మ్యాన్ చేసి, అక్టోబరులో హవాయిలో జరిగే ప్రపంచ పోటీకి అర్హత పొందాలన్నది అతని లెక్క. జూన్ మధ్యలో అమెరికా డోపింగ్ నిరోధక సంస్థ అభియోగాలు మోపింది. అవి సైకిల్ నాటివి. అయినా విచారణలో ఉన్నవాళ్లు పోటీ పడకూడదన్న నిబంధన ప్రకారం ఐరన్‌మ్యాన్ నిర్వాహకులు వెంటనే అతన్ని ఆపేశారు. ఆగస్టులో అతను పోరాటం మానుకున్నాడు, జీవితకాల నిషేధం పడింది, 1998 ఆగస్టు 1 తర్వాతి ఫలితాలన్నీ రద్దయ్యాయి. పదకొండుమంది పాత సహచరులు అతనికి వ్యతిరేకంగా సాక్ష్యం ఇచ్చారని అక్టోబరులో బయటికి వచ్చింది. అదే నెల 22న అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఏడు టూర్ పట్టాలనూ తీసేసింది. 2013 జనవరిలో ఓప్రా విన్‌ఫ్రే ముందు కూర్చుని ఒప్పుకున్నాడు. అదే ఏడాది సండే టైమ్స్‌తోనూ రాజీకి రావాల్సి వచ్చింది.

మోసంతో గెలిచినవాడు పట్టుబడితే ఆ గెలుపు పోతుంది, అది అందరికీ తెలిసిందే. అంతకంటే పెద్ద నష్టం ఏమిటంటే, తర్వాత ఎప్పుడైనా అతను సొంత ఒంటితో నిజాయితీగా సాధించినా దాన్ని రుజువు చేసుకునే దారి అతనికి మిగలదు, ఎందుకంటే పందెం మార్చుకోవచ్చు గానీ పందెం కట్టే మనిషిని మార్చుకోలేం. జనం వస్తున్నారని కట్టడిని పెట్టెలో దాచిన పెద్దలకూ అందులో వాటా ఉంది, కానీ ఆ వాటా ఖరీదు చెల్లించింది వాళ్లు కాదు, రెండో చోట నిలబడి ఇంటికి వెళ్లిపోయిన కుర్రాడు.