నిరూపణ భారం ఎవరిది?

ఒక సంస్థలో ఇంజనీరు సందేహం వెలిబుచ్చినప్పుడు నిరూపణ భారం ఎవరిపై ఉండాలి? 1986 జనవరి 27 రాత్రి, అమెరికాలో చాలెంజర్ వ్యోమనౌక ప్రయోగానికి ముందు, బూస్టర్ రాకెట్ల అతుకులలోని రబ్బరు వలయాలు చలికి బిరుసెక్కవచ్చునని ఇంజనీర్లు హెచ్చరించారు. ప్రమాదం తథ్యమని రుజువు చేసే ఆధారం వారికి చాలలేదు. నిర్వాహకులు దానినే అనుమతిగా భావించారు. మరునాడు నింగికెగసిన 73 సెకండ్లకే నౌక ఛిన్నాభిన్నమై ఏడుగురు మరణించారు. 2003లో కల్పనా చావ్లా సహా ఏడుగురిని బలిగొన్న కొలంబియా దుర్ఘటనకు సాంకేతిక లోపంతో పాటు సంస్థ పనితీరూ కారణమని విచారణ సంఘం తేల్చింది.

ప్రతి సందేహానికీ పని నిలిపివేస్తే ఏ సంస్థా నడవదన్నది నిజమే. కాని అపాయానికి ఆధారం దొరకకపోవడం వేరు, అపాయం లేకపోవడం వేరు. ప్రాణాలు ముడిపడిన చోట ‘క్షేమమే’ అన్నవారే రుజువు చూపాలి. సందేహించినవారి మాట ఆలకించడం అధికారి చేసే ఉపకారం కాదు. అది ఆ పదవి విధి.